గది మనది.. తాళం ఎవరి చేతిలో?

మెదక్ విడిది గృహాలకు ఆన్‌లైన్ మార్కెటింగ్ దారి చూపేనా

మెదక్: చర్చి ఉంది. ఖిల్లా ఉంది. ఇరవై కిలోమీటర్ల లోపే ఏడుపాయల వనదుర్గా భవాని సన్నిధి, మరో దిక్కున పోచారం జలాశయం, అభయారణ్యం ఉన్నాయి. చూడవలసిన వాటికి మెదక్‌లో కొదవ లేదు. కొరత ఉన్నది రాత్రి బసకే. హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరం కావడంతో ఉదయం వచ్చిన యాత్రికుడు సాయంత్రానికి తిరుగు ముఖం పట్టవచ్చు. అతడు ఒక్క రాత్రి ఆగితే లాడ్జి అద్దెతో పాటు హోటల్ భోజనం, ఆటో కిరాయి, దుకాణాల బేరం అన్నీ పట్టణానికే మిగులుతాయి. ఆగాలా, వద్దా అన్న నిర్ణయం ఇప్పుడు బస్టాండులో దిగాక జరగడం లేదు. ఇంటి దగ్గర బయలుదేరక ముందే, చేతిలోని ఫోనులో జరిగిపోతోంది. ఆ ఫోనులో కనిపించని లాడ్జి, రోడ్డు పక్కన ఎంత పెద్ద బోర్డు పెట్టినా లేనట్టే లెక్క.

అలాగని కనిపించడమొక్కటే చాలదు. ఎవరి ద్వారా కనిపిస్తున్నాం, అందుకు ఎంత చెల్లిస్తున్నాం అన్నదీ ముఖ్యమే. హోటళ్లు, రిసార్టులు, ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారు ఆన్‌లైన్ అమ్మకంలో తెలుసుకోవలసిన విషయాలు, గది తీసుకునే యాత్రికులు పాటించవలసిన జాగ్రత్తలపై కథనం.

గడిచిన రాత్రి తిరిగి రాదు

కిరాణా కొట్టులో ఈ రోజు అమ్ముడుపోని పప్పు రేపు అమ్ముడుపోతుంది. లాడ్జి గది అలా కాదు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేం. కరెంటు కనీస ఛార్జీ, సిబ్బంది జీతం, బ్యాంకు వాయిదా మాత్రం ఆగవు. అందుకే గదుల వ్యాపారంలో ప్రచారమంటే పేరు తెచ్చుకోవడం ఒక్కటే కాదు. ఏ రోజు, ఎవరికి, ఏ ధరకు, ఏ దారిలో అమ్మాలో నిర్ణయించుకోవడం. ఈ నాలుగూ తెలియకుండా అన్ని వెబ్‌సైట్లలో పేరు నమోదు చేయించినా ఫలితం అంతంత మాత్రమే.

మెదక్‌కు ఒక ఏడాది లెక్క

గదులకు గిరాకీ ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. మెదక్‌కు ప్రత్యేకమైన క్యాలెండరు ఉంది. దానిని ముందుగా గోడకు తగిలించుకోవాలి.

డిసెంబరు 25 మొదటిది. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ చొరవతో 1914లో పనులు మొదలైన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠకు నోచుకుంది. 173 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు దానిని దేశమంతటా పరిచయం చేశాయి. 2024లో శతాబ్ది పూర్తయింది. క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ రోజుల్లో వచ్చేవారు చర్చికి నడిచి వెళ్లగల దూరంలో బస కోరుకుంటారు.

రెండోది మహాశివరాత్రి. మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట వెలసిన వనదుర్గమ్మ జాతర మూడు రోజులు సాగుతుంది. ఇక్కడికి కుటుంబాలు బంధుమిత్రులతో కలిసి వస్తాయి. వారికి నలుగురైదుగురు పట్టే పెద్ద గది, వాహనం నిలిపే స్థలం, వీలైతే వంటకు చోటు కావాలి. రెండు మంచాల గదికి ఏసీ ఉందని ప్రకటిస్తే వారికి అక్కర రాదు.

మూడోది వర్షాకాలం. పోచారం నిండి అలుగు దుమికితే చూడటానికి జనం కదులుతారు. ఇదే కాలం చిక్కులు కూడా తెస్తుంది. సింగూరు నుంచి నీరు వదిలినప్పుడు ఏడుపాయల ఆలయాన్ని వరద చుట్టుముట్టడం, రాజగోపురంలో ఉత్సవ విగ్రహానికి పూజలు నిర్వహించడం జిల్లా వాసులకు తెలిసిందే. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన అతి భారీ వర్షాలకు మెదక్, కామారెడ్డి జిల్లాల్లో రహదారులు, రైలు మార్గం దెబ్బతిన్నాయి. ఇలాంటి వేళ తాజా పరిస్థితిని తన పేజీలో రెండు వాక్యాల్లో రాసి, వచ్చే వీలులేని వారికి తేదీ మార్చి ఇచ్చే నిర్వాహకుడు ఏ ప్రకటనా తేలేని నమ్మకం సంపాదిస్తాడు.

ఇవి కాక ఆదివారాలు, పెళ్లి ముహూర్తాలు ఉండనే ఉన్నాయి. మిగిలినవి మందకొడి రోజులు. 2022 సెప్టెంబరు 23న అక్కన్నపేట-మెదక్ రైలు మార్గం ప్రారంభమైంది. పట్టణం రైలు పటంలో చేరినందున స్టేషన్ నుంచి లాడ్జికి ఎలా చేరాలో రాసి ఉంచడం కూడా నిర్వాహకుల పనుల్లో చేరింది.

దళారి పాతవాడే.. దుకాణమే కొత్తది

బస్టాండు వద్ద నిలబడి ‘రూము కావాలా సార్’ అని అడిగి, లాడ్జి నుంచి ఎంతో కొంత పుచ్చుకునే మనిషి పాత పట్టణాలన్నింటిలో ఉండేవాడు. ఆ పనే కంప్యూటర్ తెరపైకి చేరింది. 1996లో నెదర్లాండ్స్‌లో మొదలైన బుకింగ్.కామ్, 2000లో ఆరంభమైన మేక్‌మైట్రిప్, 2008లో ఇళ్లలో గదులతో అమెరికాలో పుట్టిన ఎయిర్‌బీఎన్‌బీ, 2009లో గోఐబిబో, 2013లో ఓయో.. ఇలా వరుసగా వచ్చాయి. వీటిలో చాలావరకు గదులు సొంతంగా ఉన్న సంస్థలు కావు. యాత్రికుడికీ, గది యజమానికీ మధ్య నిలిచిన అంగళ్లు.

వీటితో మేలు లేదని అనలేం. చెన్నైలోనో, పుణేలోనో ఉన్న కుటుంబానికి మెదక్ లాడ్జి పేరు తెలిసే మార్గం లేదు. ఈ వెబ్‌సైట్లలో ఊరి పేరు కొట్టగానే ఫొటోలు, ధరలు, గతంలో దిగినవారి అభిప్రాయాలు వరుసగా ముందు నిలుస్తాయి. ముందే చెల్లించవచ్చు, రద్దు చేసుకోవచ్చు. కొత్తగా తెరిచిన లాడ్జికి తొలి అతిథులను తెచ్చేది ఎక్కువగా ఇవే. అయితే ఈ సేవ ఉచితం కాదు.

కమిషన్ లెక్క చూద్దాం

కమిషన్ శాతం ఒప్పందాన్ని బట్టి మారుతుంది. లెక్క సులువుగా అర్థమయ్యేందుకు 20 శాతం అనుకుందాం. గది అద్దె రూ.1,500. కమిషన్ రూ.300. ఆ కమిషన్‌పై 18 శాతం జీఎస్టీ రూ.54. యజమానికి మిగిలేది రూ.1,146. ఏడాదిలో వంద రాత్రులు ఈ దారిలో అమ్మితే రూ.35,400 బయటికి వెళ్తుంది.

ఇది నష్టమా, లాభమా? రోజును బట్టి సమాధానం మారుతుంది. జులై నెల మంగళవారం ఖాళీగా ఉండబోయే గదికి రూ.1,146 రావడం లాభమే. ఆ గది మరోలా అమ్ముడుపోదు కనుక పోల్చవలసింది సున్నాతో. అదే గది క్రిస్మస్ ముందు రాత్రి ఫోను ద్వారానే నిండిపోతుంది. ఆనాడు వెబ్‌సైట్ ద్వారా అమ్మితే రూ.354 చేజేతులా వదులుకున్నట్టే. కాబట్టి గిరాకీ లేని రోజుల్లో ఎక్కువ గదులు, గిరాకీ ఉన్న రోజుల్లో తక్కువ గదులు మధ్యవర్తి సంస్థలకు కేటాయించడం తెలివైన పని. ఈ సంస్థలు యజమానికిచ్చే పేజీలో తేదీల వారీగా గదుల సంఖ్య, ధర మార్చుకునే వీలుంటుంది. ఏడాదంతా ఒకే సంఖ్య, ఒకే ధర ఉంచి మరచిపోతే జాతర రోజుల ఆదాయం జారిపోతుంది.

మరో మార్గం కూడా ఉంది. వెబ్‌సైట్ ద్వారా ఒకసారి వచ్చిన కుటుంబం మళ్లీ వచ్చేటప్పుడు నేరుగా ఫోను చేస్తే రూ.100 తగ్గించి రూ.1,400కే ఇవ్వవచ్చు. అతిథికి వంద మిగులుతుంది. యజమానికి పాత లెక్కకన్నా రూ.254 ఎక్కువ వస్తుంది. మొదటి రాక మధ్యవర్తిది, రెండో రాక మనది కావాలన్నదే ఈ వ్యాపారంలో అసలు కిటుకు. అందుకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. శుభ్రమైన గది, మాట మర్యాద, వెళ్లేటప్పుడు చేతిలో పెట్టే ఫోను నంబరు కార్డు.

ఒప్పందంలో చదవవలసిన గీతలు

సంతకం చేసే ముందు నాలుగు విషయాలు తప్పక చూసుకోవాలి. కమిషన్ ఎంత, దేనిపై లెక్కిస్తారు? డబ్బు ఎన్ని రోజులకు ఖాతాలో పడుతుంది? రాయితీ ప్రకటిస్తే ఆ భారం ఎవరిది? మన సొంత ధరపై ఏమైనా ఆంక్షలున్నాయా?

చివరి ప్రశ్న చిన్నది కాదు. ‘మా దగ్గర కన్నా తక్కువ ధరకు మరెక్కడా, చివరికి మీ సొంత వెబ్‌సైట్లో కూడా అమ్మరాదు’ అన్న షరతుపైనే దేశంలో పెద్ద వివాదం నడిచింది. హోటళ్ల సమాఖ్య ఫిర్యాదుపై విచారణ జరిపిన భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 19న తీర్పు చెప్పింది. మేక్‌మైట్రిప్-గోఐబిబోకు రూ.223.48 కోట్లు, ఓయోకు రూ.168.88 కోట్లు జరిమానా విధించింది. ధర, గదుల లభ్యత విషయంలో ఇలాంటి షరతులు తొలగించేలా ఒప్పందాలు సవరించాలని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. ఈ ఉత్తర్వులపై అప్పీళ్లు దాఖలయ్యాయి. ఐరోపాలోనూ ఇదే కథ. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం ప్రకారం బుకింగ్.కామ్ 2024లో తన సమాన ధర షరతును తొలగించుకోవలసి వచ్చింది. పది గదుల లాడ్జి యజమానికి ఈ తీర్పులు దూరపు వార్తలు కావు. తన గదికి తానే ధర కట్టుకునే హక్కుకు సంబంధించినవి.

సొంత దర్వాజా తెరవండి

మధ్యవర్తులతో పాటు యజమానికి సొంత దారి కూడా ఉండాలి. దానికి మొదటి మెట్టు గూగుల్ మ్యాప్స్‌లో పేరు నమోదు. ఈ నమోదు ఉచితం. ఎవరో అప్పటికే పేరు చేర్చి ఉంటే యజమాని తానేనని ధ్రువీకరించుకుని ఆ పేజీని తన ఆధీనంలోకి తెచ్చుకోవాలి. సరైన ఫోను నంబరు, మ్యాపులో ఖచ్చితమైన గుర్తు, గది దిగే వేళలు నింపాలి. 2021 మార్చి నుంచి గూగుల్ వెతుకులాటలో హోటళ్ల బుకింగ్ లింకులు ఉచితంగానూ కనిపిస్తున్నాయి. సొంత వెబ్‌సైట్ ఉన్నవారు దీనిని వినియోగించుకోవచ్చు.

ఫొటోలు పగటి వెలుతురులో తీయాలి. గది, స్నానాల గది, ముందరి వీధి, వాహనాల స్థలం తప్పక ఉండాలి. ఉన్నది ఉన్నట్టు చూపాలి. చిన్న గదిని పెద్దదిగా చూపే ఫొటో ఒక్క అతిథిని తెచ్చి, పది మందిని పోగొడుతుంది. వేడినీళ్లు ఎన్ని గంటల నుంచి, లిఫ్టు ఉందా, వృద్ధులకు కింది అంతస్తులో గది దొరుకుతుందా, చర్చి ఎంత దూరం, ఏడుపాయలకు బస్సు ఎక్కడ ఎక్కాలి.. ఫోనులో రోజూ అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు ముందే రాసిపెట్టాలి. తెలుగులో, ఇంగ్లిషులో రాస్తే మేలు. ఏడుపాయల పేరును ఇంగ్లిషు అక్షరాల్లో జనం రకరకాలుగా రాస్తారు. ఆ రూపాలన్నీ పేజీలో ఉంటే వెతికేవారికి దొరుకుతాం.

సొంత వెబ్‌సైట్ తయారు చేయించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వెబ్‌సైట్ పేరు, పాస్‌వర్డు తయారుచేసిన వ్యక్తి పేరిట కాక యజమాని పేరిటే ఉండాలి. లేదంటే రేపు అతడితో తెగతెంపులైతే బోర్డు అతడితోనే వెళ్లిపోతుంది.

రెండు మూడు వెబ్‌సైట్లలో గదులు పెట్టినవారికి ఒకే గది ఇద్దరికి అమ్ముడుపోయే ప్రమాదం ఉంది. అన్నింటిలో గదుల లెక్కను ఒకేసారి సవరించే ‘చానల్ మేనేజర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. గదులు కొద్దిగా ఉన్నవారికి అది భారమనిపిస్తే, ఒక్కో వెబ్‌సైట్‌కు వేర్వేరు గదులు కేటాయించడం సులభ మార్గం.

అభిప్రాయమే అసలు ప్రకటన

అతిథులు రాసే అభిప్రాయాలు ఈ వ్యాపారానికి ప్రాణం. మంచి మాటకు కృతజ్ఞత, చెడ్డ మాటకు మర్యాదగా సమాధానం ఇవ్వాలి. ‘నీళ్లు రాలేదు’ అని ఒకరు రాస్తే, వాదనకు దిగకుండా ‘మోటారు మార్పించాం’ అని జవాబిస్తే తర్వాత చదివే నూరు మందికి అది భరోసా. నిజంగా మార్పించి ఉండాలి సుమా.

డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకోవడం మాత్రం తగదు. ఆన్‌లైన్ అభిప్రాయాల సేకరణ, ప్రచురణపై భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది. వినియోగదారుల పరిరక్షణ కేంద్రీయ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు తెరపై చేసే 13 రకాల మాయలను నిషేధించాయి. ‘ఒక్క గదే మిగిలింది’ అని అబద్ధపు తొందర పెట్టడం, మొదట తక్కువ ధర చూపి చివర ఛార్జీలు కలపడం, అడగని సేవను బిల్లులో చేర్చడం అందులోవే. ఈ నియమాలు వెబ్‌సైట్లకే కాదు, ప్రకటనలిచ్చేవారికీ, విక్రేతలకూ వర్తిస్తాయి.

ఇంట్లో గదులున్నాయా?

పిల్లలు ఉద్యోగాలకు వెళ్లి ఖాళీగా ఉన్న ఇల్లు, ఊరి చివర తోటలో కట్టుకున్న ఫామ్‌హౌస్ అద్దెకిచ్చే ఆలోచన పెరుగుతోంది. కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ పేరిట అమలు చేస్తున్న హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు నమోదుకు వీలుంది. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలన్నది ముఖ్య నిబంధన. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులుగా గుర్తింపు ఇస్తారు. పర్యాటక శాఖ ‘నిధి’ పోర్టల్‌లో హోటళ్లు, హోమ్‌స్టేలు పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇంటిని అద్దెకిస్తున్నా అతిథుల గుర్తింపు వివరాల రిజిస్టరు తప్పనిసరిగా రాయాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో సంబంధిత అధికారులకు తెలపాలి. అనుమతుల విషయంలో మున్సిపల్ కార్యాలయం, పోలీస్ స్టేషన్‌లో ముందుగా విచారించుకోవడం క్షేమం. సేకరించిన గుర్తింపు కార్డుల ప్రతులు బల్లపై పడేయకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది.

పన్నులపై అవగాహన

రోజుకు రూ.7,500 వరకు అద్దె గల గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించితే 18 శాతమే. అయితే 5 శాతం పరిధిలోని వారికి కొనుగోళ్లపై కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే అవకాశం లేదు. పైన చెప్పిన కమిషన్‌పై రూ.54 అందుకే పూర్తిగా ఖర్చు కింద జమ అవుతుంది.

ఏడాది రాబడి రూ.20 లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న యజమాని మధ్యవర్తి వెబ్‌సైట్ ద్వారా గది అమ్మితే, దానిపై జీఎస్టీ కట్టవలసింది ఆ సంస్థే. ఈ సంస్థలు చెల్లింపుల్లో మినహాయించే ఆదాయపు పన్ను 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతానికి తగ్గింది. నెలవారీ చిట్టాను సంస్థ పంపే లెక్కతో సరిచూసుకుంటే తేడాలు బయటపడతాయి.

మోసగాళ్లున్నారు.. జాగ్రత్త

ఆన్‌లైన్ అంగడిలో దొంగలూ తిరుగుతున్నారు. పేరున్న హోటళ్లు, పుణ్యక్షేత్రాల వసతి గృహాల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు తెరిచి యాత్రికుల నుంచి ముందస్తు సొమ్ము కాజేస్తున్నారని కేంద్ర హోంశాఖ పరిధిలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025లో హెచ్చరించింది. మ్యాపులో హోటల్ ఫోను నంబరును మార్చి తమ నంబరు పెట్టేవారూ ఉన్నారు. యజమాని వారానికోసారి తన పేజీ తెరిచి నంబరు సరిచూసుకోవాలి. పండుగల ముందు రోజూ చూసుకోవాలి.

యజమానులకు వల మరో రకం. సైనికాధికారినని ఫోను చేసి, పది గదులు కావాలని చెప్పి, ‘అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అక్కర లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఈ ఒక్క మాట కౌంటరు దగ్గర రాసి అంటించుకుంటే చాలు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును బ్యాంకుల్లో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

యాత్రికులు గది తీసుకునే ముందు..

* మ్యాపులోని నంబరు, వెబ్‌సైట్లోని నంబరు ఒకటేనా అని సరిచూడండి.
* చివరి తెరపై పన్నులన్నీ కలిపిన మొత్తం చూశాకే చెల్లించండి.
* రద్దు షరతులు చదవండి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.
* వ్యక్తి పేరిట ఉన్న ఖాతాకు మొత్తం సొమ్ము ముందే పంపమంటే అనుమానించండి.
* అభిప్రాయాల్లో ఇటీవలివి, ఫొటోలున్నవి ముందుగా చదవండి.

యజమానులు ఈ వారమే చేయదగినవి..

* మ్యాపులో పేరు, గుర్తు, నంబరు సరిచేయడం.
* పగటి వెలుతురులో పది ఫొటోలు తీసి పెట్టడం.
* క్రిస్మస్, శివరాత్రి, ఆదివారాలు, ముహూర్తాలతో ఏడాది పట్టిక రాసుకోవడం.
* మధ్యవర్తి ఒప్పందం మరోసారి చదివి, కమిషన్ పోను మిగిలేది లెక్క కట్టడం.
* వెళ్లే ప్రతి అతిథికీ నేరుగా సంప్రదించే నంబరు ఇవ్వడం.

పాస్నెట్ కాలంలో చర్చి గోపురమే మైళ్ల దూరం నుంచి బాటసారిని పిలిచేది. ఇప్పటి బాటసారి ముందు ఫోనులో చూస్తున్నాడు. గోపురం అతడిని మెదక్ దాకా రప్పిస్తుంది. రాత్రికి నిలపవలసిన బాధ్యత మాత్రం పట్టణంలోని విడిది గృహాలదే. అంగడి ఎవరిదైనా అద్దెకివ్వచ్చు, తాళం చెవి మాత్రం తమ దగ్గరే ఉంచుకోవాలి.